థార్ వాన, గోరుచిక్కుడు గింజ: సగటును నమ్మి సరుకు పట్టరాదు

ఏటా జూన్ నెలాఖరు వచ్చేసరికి జోధ్‌పూర్, బికనీర్, శ్రీగంగానగర్ మండీలలోని వర్తకుల చూపు బస్తాల మీద కంటె ఆకాశం మీదనే ఎక్కువగా వుంటుంది. అక్కడ పడే నాలుగు వానలను బట్టి గోరుచిక్కుడు గింజల ధారణ తేలుతుంది. ఆ గింజల నుంచి తీసే బంక దేశదేశాలకు ఎగుమతి అవుతుంది. ప్రపంచంలో పండే గోరుచిక్కుడు గింజల్లో సుమారు 80 శాతం మన దేశానివే కాగా, వాటిలో అధిక భాగం ఒక్క రాజస్థాన్‌లోనే పండుతున్నది. ఇంత పెద్ద వ్యాపారానికి మూలం థార్ ఎడారి. ఆ ఎడారి స్వభావం తెలియకుండా ఈ సరుకులో కొనుగోలుకు గానీ అమ్మకానికి గానీ దిగడం చేతిలో త్రాసు లేకుండా తూకం వేయడం వంటిది.

కోస్తాలో గోరుచిక్కుడు, తెలంగాణలో గోకరకాయ, రాయలసీమలో మటిక్కాయ అని పిలిచే కూరగాయ ఇదే. మన వారు లేత కాయను కోసి కూర వండుకుంటారు. ఎడారి రైతు కాయను చెట్టు మీదనే ఎండనిచ్చి గింజ తీస్తాడు. ఉత్తరాది మండీలలో దీనిని గ్వార్ అంటారు.

ఎడారి ఎందుకైంది?

థార్ ఎడారి విస్తీర్ణం సుమారు 2 లక్షల చదరపు కిలోమీటర్లు. ఇందులో పెద్ద భాగం మన దేశంలో, మిగిలినది పాకిస్తాన్‌లో వున్నది. మన భాగంలో అధికం రాజస్థాన్‌లోని ఆరావళి కొండలకు పడమట, వాయవ్యాన గలదు. కొంత గుజరాత్, హర్యానా, పంజాబ్ రాష్ట్రాలలోకి కూడా విస్తరించింది.

సముద్రం అంత దూరమేమీ కాకపోయినా అక్కడ వాన లేకపోవడానికి కారణాలు రెండు. అరేబియా సముద్రం మీదుగా వచ్చే నైరుతి గాలులకు ఆరావళి కొండలు అడ్డంగా లేవు. నైరుతి నుంచి ఈశాన్యానికి, అంటే గాలి నడిచే దారి వెంబడే పరచుకొని వున్నాయి. అడ్డు లేని గాలి పైకి లేవదు, లేవని గాలి చల్లబడి వాన కురవదు. ఇక బంగాళాఖాతం నుంచి గంగా మైదానం మీదుగా వచ్చే గాలులు రాజస్థాన్ చేరేసరికి తేమ చాలావరకు దారిలోనే కురిపించి వస్తాయి. ఇదే కొండల వరుసలో ఎత్తైన ఆబూ పర్వతం మీద ఏడాదికి సుమారు 150 సెంటీమీటర్ల వాన పడుతుండగా, జైసల్మేర్‌లో 20 సెంటీమీటర్లు కూడా దాటదు.

వేడి సంగతి చెప్పనక్కరలేదు. 2016 మే 19న ఫలోదీలో 51 డిగ్రీల సెంటిగ్రేడ్ నమోదైంది. చలికాలపు రాత్రులలో కొన్నిచోట్ల నీరు గడ్డకట్టే స్థాయికి చలి దిగుతుంది. ఈ రెండింటికీ తట్టుకొని నిలిచే చెట్లలో ముఖ్యమైనది ఖేజ్రీ. ఇది మరేమో కాదు, మన దసరాకు పూజించే జమ్మి చెట్టే. వేరు లోతుకు పోయి నీరు తీసుకుంటుంది. దాని ఆకు పశువులకు మేత, లేత కాయ మనుషులకు కూర. గోరుచిక్కుడు మొక్క కూడా ఇదే జాతి పంట. లోతైన తల్లివేరు, తక్కువ నీరు, సుమారు 90 నుంచి 110 రోజుల కాలం దానికి సరిపోతాయి. పప్పుజాతి మొక్క కాబట్టి గాలిలోని నత్రజనిని వేళ్లలో నిలిపి ఇసుక నేలకు కొంత సారం కూడా ఇస్తుంది.

వాన లెక్కలో మోసం

వాతావరణ శాఖ లెక్కలో పశ్చిమ రాజస్థాన్ ఒక విభాగం. జూన్ నుంచి సెప్టెంబరు వరకు అక్కడి సాధారణ వర్షపాతం సుమారు 28 సెంటీమీటర్లు. సాధారణానికి 19 శాతం తక్కువైనా, 19 శాతం ఎక్కువైనా ఆ శాఖ పరిభాషలో అది “సాధారణం” క్రిందకే వస్తుంది. అంటే 23 సెంటీమీటర్లు పడినా సాధారణమే, 33 సెంటీమీటర్లు పడినా సాధారణమే. వరి పొలానికి ఈ తేడా అంత పట్టింపు కాకపోవచ్చు. ఇసుక నేలలో పది సెంటీమీటర్ల తేడా పంటకూ పశుగ్రాసానికీ మధ్య గల తేడా. “పశ్చిమ రాజస్థాన్‌లో వర్షాలు సాధారణం” అనే వార్త చదివి మాలు అమ్మివేసిన వర్తకుడు ఏ మాటకు ఎంత విలువ వున్నదో విచారించుకోవలసి వున్నది.

రెండవ మోసం స్థలానిది. శ్రీగంగానగర్‌లో పడిన వాన బార్మేర్ పొలాన్ని తడపదు. రెండూ ఒకే విభాగపు సగటులో కలిసిపోతాయి.

మూడవది కాలానిది. ఎడారిలో ఏడాది వానలో సుమారు 90 శాతం జూలై, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లోనే పడుతుంది. 2020లో వాతావరణ శాఖ సవరించిన తేదీల ప్రకారం నైరుతి రుతుపవనాలు దేశమంతటా జూలై 8 నాటికి వ్యాపించాలి, పశ్చిమ రాజస్థాన్ నుంచి సెప్టెంబరు 17 ప్రాంతంలో వెనుదిరగడం మొదలుకావాలి. అంతకు పూర్వం వెనుదిరిగే తేదీ సెప్టెంబరు 1గా వుండేది. అంటే ఎడారి పంటకు దొరికే వ్యవధి పది వారాలు. ఇందులో మూడు వారాలు వరుసగా పొడిగా పోతే తరువాత ఎంత కురిసినా లెక్కలో అంకె నిండుతుంది గానీ కాయలో గింజ నిండదు.

రెండు సంవత్సరాలు తీసుకుంటే ఈ విషయం స్పష్టమవుతుంది. 2002 జూలైలో దేశం మొత్తం మీద వాన సాధారణంలో దాదాపు సగానికి పడిపోయింది. రాజస్థాన్ తీవ్రమైన కరువు చూసింది. 2006 ఆగస్టులో బార్మేర్ జిల్లాలో ఏడాది మొత్తం సగటును మించిన వాన కొద్ది రోజుల్లోనే కురిసింది. కవాస్ వంటి గ్రామాలు నీట మునిగాయి. భూమి క్రింద జిప్సం పొర వుండటం వల్ల ఆ నీరు ఇంకలేదు. ఎడారి మధ్యన నెలల తరబడి చెరువులై నిలిచింది. మొదటి ఏడు నీరు లేక పైరు పోయింది, రెండవ ఏడు నీరు నిలిచి పైరు పోయింది. ఈ రెండు సంవత్సరాలను కలిపి తీసిన సగటు వాన ఏ రైతు పొలంలోనూ పడలేదు.

ఒక పంట, రెండు ప్రాంతాలు

గోరుచిక్కుడు రాబడులను అంచనా వేసేవారు థార్‌ను ఒకే ప్రాంతంగా చూడరాదు. ఉత్తరాన శ్రీగంగానగర్, హనుమాన్‌గఢ్ జిల్లాలు కాలువ నీటి ప్రాంతాలు. సట్లెజ్, బియాస్ నదులు కలిసే హరికే వద్ద నుంచి బయలుదేరే ఇందిరాగాంధీ కాలువ పనులు 1958లో ప్రారంభమయ్యాయి. మొదట దీని పేరు రాజస్థాన్ కాలువ. అనుబంధ కాలువతో కలిపి 649 కిలోమీటర్లు ప్రయాణించి, 1987 జనవరి 1న నీరు జైసల్మేర్ జిల్లా మోహన్‌గఢ్ చేరింది. ఈ నీటితో ఇసుక నేలలో పత్తి, గోధుమ, ఆవాలు పండాయి. కొన్ని చోట్ల నీరు నిలిచి, ఉప్పు పైకి తేలి భూములు చెడిన మాట కూడా నిజం.

కాలువ క్రింది రైతుకు రెండు దారులు వున్నవి. పత్తి ధర బాగుంటే పత్తి, లేకుంటే గోరుచిక్కుడు. అతని గింజల విస్తీర్ణాన్ని వాన కంటె పోటీ పంటల ధర ఎక్కువగా శాసిస్తుంది. దక్షిణాన, పడమట వున్న బార్మేర్, జైసల్మేర్, చూరు, బికనీర్ జిల్లాలలోని వర్షాధారపు రైతుకు సజ్జ, మోఠ్ అనే పప్పుధాన్యం, గోరుచిక్కుడు తప్ప పెద్దగా ఎంచుకోవలసినది లేదు. అతని దిగుబడిని వాన ఒక్కటే శాసిస్తుంది. మొదటి ప్రాంతపు దిగుబడి నిలకడగా వుండి విస్తీర్ణం మారుతుంది. రెండవ ప్రాంతపు విస్తీర్ణం పెద్దది, దిగుబడి మాత్రం గాలిలో దీపం.

మండీలకు కొత్త సరుకు అక్టోబరు నుంచి దిగడం మొదలై నవంబరు, డిసెంబరు నెలల్లో ముమ్మరమవుతుంది. అయితే ఈ గింజ త్వరగా చెడేది కాదు. పొడి వాతావరణంలో ఏళ్ల తరబడి నిలవ వుంటుంది. అందువల్ల ఎడారి రైతుకు గింజల కొట్టు బ్యాంకు ఖాతా వంటిది. ధర నచ్చకపోతే తీయడు, పెళ్లికో వైద్యానికో అవసరమైనంత మేరకు అమ్ముకుంటాడు. పంట తగ్గినంత మాత్రాన రాబడి తగ్గాలని లేదు. పంట పెరిగినంత మాత్రాన మండీ నిండాలనీ లేదు. పాత నిల్వ ఎంత వున్నదో తెలియకుండా కొత్త పంట లెక్క కట్టడం సగం లెక్క మాత్రమే.

గింజ నుంచి బంక: మిల్లు లెక్క

గింజను చీల్చి, పొట్టు, మొలక భాగాలను వేరుచేస్తే మిగిలేది పప్పు. దీనిని పొడి చేసినదే బంక. క్వింటాలు గింజకు సుమారు 30 కిలోల బంక వస్తుందని స్థూలంగా అనుకోవచ్చు. మిగిలినవి చూరీ, కోర్మా అనే పశువుల దాణా సరుకులు. వీటిలో మాంసకృత్తులు అధికం.

లెక్క కోసం ఒక ఉదాహరణ తీసుకుందాము. క్వింటాలు గింజ 5,000 రూపాయలు, మిల్లు ఖర్చు 250, వచ్చే దాణా 65 కిలోలు, దాని ధర కిలో 30 రూపాయలు, తరుగు 5 కిలోలు అనుకుంటే, దాణా మీద 1,950 రూపాయలు వస్తాయి. మిగిలిన 3,300 రూపాయలు 30 కిలోల బంక మీద పడతాయి. అంటే బంక కిలోకు 110, క్వింటాలుకు 11,000 రూపాయలు అసలు పడుతుంది.

ఇప్పుడు ఎడారిలో కరువు వచ్చిందనుకుందాము. మేత లేక దాణా ధర కిలో 40 రూపాయలకు పెరిగితే మిల్లుకు దాణా మీద 2,600 రూపాయలు వస్తాయి. బంక ధర ఒక్క పైసా పెరగకపోయినా, మిల్లరు క్వింటాలు గింజకు మరో 650 రూపాయలు అదనంగా చెల్లించగలడు. కరువు గింజ ధరను రెండు వైపుల నుంచి పైకి నెడుతుందని ఇందువల్ల తెలుస్తున్నది. ఒకవైపు పంట తగ్గుతుంది, మరొకవైపు దాణా ప్రియమవుతుంది. ఎగుమతి గిరాకీ ఒక్కటే చూసే బ్రోకర్లు ఈ రెండవ కారణాన్ని తరచు మరచిపోతుంటారు.

2012 నేర్పిన పాఠం

గోరుచిక్కుడు బంకకు విదేశాలలో గిరాకీ కొత్తది కాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో మధ్యధరా ప్రాంతపు కారబ్ గింజల బంక అందక అమెరికా పరిశ్రమలు దీనివైపు మళ్లాయి. తరువాత కాగితం, బట్టల అద్దకం, ఐస్‌క్రీమ్, సాస్ వంటి తినుబండారాలలో వాడకం పెరిగింది. అసలు తుపాను మాత్రం అమెరికా చమురు బావుల నుంచి వచ్చింది. అక్కడ షేల్ రాతి పొరలలో నుంచి చమురు, గ్యాసు తీసేటప్పుడు ఇసుక కలిపిన నీటిని అధిక ఒత్తిడితో పంపి రాతిని పగులగొడతారు. ఆ ఇసుక నీటి అడుగున కూరుకుపోకుండా పగుళ్లలోకి చేరాలంటే నీరు చిక్కగా వుండాలి. ఆ చిక్కదనం ఇచ్చేది ఈ బంక.

2011 చివరలో క్వింటాలు నాలుగైదు వేల రూపాయల పరిధిలో వున్న గింజ 2012 వసంతానికి 30,000 రూపాయల ప్రాంతానికి ఎగబాకింది. బంక లక్ష రూపాయల దరిదాపులకు చేరింది. 30 కిలోల లెక్క ప్రకారం చూసినా ఈ రెండు ధరలూ ఒకదానికొకటి సరిపోతున్నవి. మార్చి 2012లో ఫార్వర్డ్ మార్కెట్ల కమిషన్ గింజ, బంక ఫ్యూచర్స్ వ్యాపారాన్ని నిలిపివేసింది. 2013 మే నెలలో గానీ అది తిరిగి ప్రారంభం కాలేదు.

2012-13లో సుమారు 4 లక్షల టన్నుల బంక ఎగుమతి కాగా విలువ 21,000 కోట్ల రూపాయలు దాటింది. 2015-16లో ఎగుమతి సుమారు 3.25 లక్షల టన్నులు, విలువ దాదాపు 3,200 కోట్లు మాత్రమే. టన్నులలో తగ్గింది ఐదో వంతు. విలువ మాత్రం ఆరో వంతు కంటె తక్కువకు దిగజారింది.

ఇలా ఎందుకైంది? ధర ఆకాశానికి తాకగానే చమురు కంపెనీలకు సేవలందించే సంస్థలు ప్రత్యామ్నాయ రసాయనాలు వెతికాయి. 2014 మధ్య నుంచి ముడి చమురు ధర కుప్పకూలి, పీపా 100 డాలర్లకు పైనుంచి 2015 జనవరిలో 50 డాలర్ల లోపుకు వచ్చింది. మరోవైపు, గోరుచిక్కుడు మొక్కకు కావలసింది ఇసుక, ఎండ, కొద్దిపాటి వాన. ఇవి థార్‌లోనే కాదు, మరెన్నోచోట్ల వున్నాయి. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక వంటి రాష్ట్రాల మెట్ట ప్రాంతాలకు కూడా సాగు ప్రాకింది.

అనంతపురం జిల్లా ఎడారి కాకపోయినా వర్షచ్ఛాయలో వున్న ప్రాంతం. అక్కడి సగటు వాన సుమారు 55 సెంటీమీటర్లు, అంటే బార్మేర్‌కు దాదాపు రెట్టింపు. అయితే అక్కడ సెప్టెంబరు, అక్టోబరు నెలలలోనూ వాన వుంటుంది. థార్ రైతుకు కాయ ఎండే వేళకు ఆకాశం నిర్మలంగా వుంటే, రాయలసీమ రైతుకు అదే వేళ కాయ తడిసి గింజ నల్లబడే ప్రమాదం వున్నది. తక్కువ వాన గల ప్రాంతాలన్నీ ఒకటే అనుకుంటే ఇటువంటి నష్టమే వస్తుంది. శిఖరపు ధర చూసి విత్తిన రైతు కోత కోసి మార్కెట్టుకు వచ్చేసరికి ఆ ధర అక్కడ లేదు. శిఖరపు ధరకు సరుకు పట్టి గోదాము నింపిన వర్తకుని గతి కూడా అంతే. ఆ ధరను ఇచ్చింది ఎడారి వాన కాదు, అమెరికా చమురు. దానిని దించింది కూడా అదే.

ఒకే మబ్బు, వేర్వేరు ధరలు

ఎడారి అనగానే గోరుచిక్కుడు ఒక్కటే కాదు. సాంభర్, డీడ్వాణా, పచ్‌పద్రాలలో ఉప్పు పండుతుంది. గుజరాత్, తమిళనాడుల తరువాత ఉప్పు ఉత్పత్తిలో రాజస్థాన్‌ది ముఖ్యస్థానం. ఉప్పు మళ్లకు ఎండే ఎరువు. అకాలపు వాన ఉప్పునీటిని పలచన చేసి పనిని వెనక్కు నెడుతుంది. దేశంలో తవ్వే సహజ జిప్సంలో దాదాపు అంతా రాజస్థాన్‌దే. సిమెంటుకు, చౌడు భూముల బాగుకు, వేరుశనగ పైరుకు ఇది అవసరం. తవ్వకాలకు వానాకాలం ఆటంకం.

రబీలో బార్మేర్, జాలోర్, జోధ్‌పూర్ జిల్లాలలో జీలకర్ర వేస్తారు. మన దేశపు జీలకర్ర దాదాపు అంతా రాజస్థాన్, గుజరాత్ రాష్ట్రాలదే. మన కిరాణా వర్తకులు ఉంఝా ధరలు చూసి సరుకు తెప్పించుకునే సంగతి తెలిసినదే. ఈ పైరుకు మబ్బు పట్టిన ఆకాశమే శత్రువు. జనవరి, ఫిబ్రవరిలో రెండు మూడు రోజులు మబ్బు నిలిచి తేమ పెరిగితే తెగులు తగులుతుంది. జూలైలో గోరుచిక్కుడుకు వరమైన మబ్బు ఫిబ్రవరిలో జీలకర్రకు శాపమవుతుంది.

వానతో పని లేని సంపద కూడా ఆ ఇసుక క్రింద, ఇసుక మీద వున్నది. బార్మేర్‌లోని మంగళా క్షేత్రంలో 2004లో కనుగొన్న చమురును 2009 ఆగస్టు నుంచి తీస్తున్నారు. బికనీర్, బార్మేర్‌లలో లిగ్నైటు వున్నది. భడ్లా వద్ద 2,245 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రాలు వెలిశాయి. పైరును మాడ్చే ఎండ అక్కడ కరెంటుగా అమ్ముడుపోతున్నది.

వర్తకులు గమనించవలసినవి

గోరుచిక్కుడులో వ్యాపారం చేసేవారు సీజనులో నాలుగు ఘట్టాలను వేర్వేరుగా చూడవలెను. జూన్ చివరి వారం నుంచి జూలై నెలాఖరు వరకు విత్తనం ఎంత పడింది, ఏ జిల్లాలో పడింది అన్నది మొదటిది. ఆగస్టులో వాన విరామం ఎన్నాళ్లు సాగింది అన్నది రెండవది. సెప్టెంబరు మొదటి పక్షంలో గింజ నిండే వేళ ఒక తడి దొరికిందా అన్నది మూడవది. కోతల వేళ ఆకాశం పొడిగా వున్నదా అన్నది నాలుగవది. వీటి ప్రక్కన పాత నిల్వ, దాణా ధర, పత్తి ధర, ముడి చమురు ధర రాసుకోవలెను. వీటిలో ఏ ఒక్కటీ మిగిలిన వాటికి బదులు కాదు.

మొదటి వాన పడగానే మందీ అనీ, పది రోజులు వాన లేకపోగానే తేజీ అనీ పరుగెత్తేవారు మార్కెట్టులో ఎప్పుడూ వుంటారు. ఈ మొక్క పది రోజుల పొడికి చావదు. ఒక్క వానకు పండదు. అందుచేత జూలైలో తీసుకున్న నిర్ణయాన్ని సెప్టెంబరు వరకు పూర్తి నిర్ణయంగా భావించక, ఒక్కొక్క ఘట్టానికి కొంత చొప్పున సరుకు కొనడం, అమ్మడం క్షేమం. అప్పు తెచ్చి నిల్వ చేసేవారు వడ్డీ, గోదాము అద్దె కూడా ధరలో కలుపుకొని చూడాలి. గింజ ఏళ్ల తరబడి చెడదు గానీ, దాని మీద వడ్డీ మాత్రం ఒక్క రోజు కూడా ఆగదు.